టెక్సస్ ప్లేనో చుట్టుపక్కల పెద్ద క్రాపీ చేప ఏ లేక్‌లో పడుతుంది?

కాకినాడ_గాలం:

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. రెండేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా గాలం వేస్తున్నాను. మా ఇళ్ళ వెనకాల చిన్న చెరువు ఉంది, అందులో క్రాపీ అనే ఇక్కడి మంచినీటి చేపకి కొదవ లేదు, సాయంత్రం గంట కూర్చుంటే పది పన్నెండు పడతాయి. కానీ అన్నీ అచ్చు పోసినట్టు ఒకటే సైజు, ఏడంగుళాలు, ఎనిమిది, ఎప్పుడైనా ఒకటి తొమ్మిది. పది దాటింది ఇంతవరకు నా గాలానికి తగల్లేదు. అన్నిటినీ మళ్ళీ నీళ్ళలో వదిలేస్తున్నాను.

ఇప్పుడు అడగడానికి కారణం ఏంటంటే మార్చి నెలాఖరుకి మా నాన్నగారు వస్తున్నారు. ఏలేరు మీదా పంట కాలువల మీదా వెదురు కర్రతో గాలం వేసి పెరిగిన మనిషి, ఆయనకి ఇక్కడ చేతి నిండా పట్టే చేప ఒకటి పడితే చూడాలని ఉంది. పద్నాలుగు, పదిహేను అంగుళాల క్రాపీ ఫోటోలు చూస్తుంటాను, అవి ఎక్కడ పడుతున్నాయో ఎవరూ చెప్పరు. నాకు బోటు లేదు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, రాళ్ళ మీద దిగి నడవలేరు. గంట, గంటన్నర డ్రైవ్ అయినా పర్వాలేదు. లవాన్, లూయిస్‌విల్, రే హబ్బర్డ్, గ్రేప్‌వైన్ అని లేక్‌ల పేర్లు వింటున్నాను, వీటిలో దేనికి వెళ్ళాలి? లేక నేను వేసే పద్ధతిలోనే తప్పుందా?

లవాన్_గట్టు:

తమ్ముడూ, ముందు ఆ చెరువు సంగతి చెప్తాను, అది అర్థమైతే సగం ప్రశ్న తీరిపోతుంది. క్రాపీ ఒక్కో ఆడచేప వేలకి వేలు గుడ్లు పెడుతుంది. చిన్న చెరువులో వాటిని తినే పెద్ద బాస్ చేపలు సరిపడా లేకపోతే పిల్లలన్నీ బతికిపోతాయి, ఉన్న కాస్త తిండి అందరూ పంచుకుంటారు, ఇక ఏదీ పెరగదు. నువ్వు వదిలేస్తున్న ఎనిమిదంగుళాల చేప చిన్నపిల్ల అనుకుంటున్నావేమో, అది మూడు నాలుగేళ్ళ ముసలి చేప అయ్యుండొచ్చు. ఆ చెరువులో నువ్వు ఎన్నేళ్ళు కూర్చున్నా అంతే. పద్ధతి తప్పు కాదు, చోటు తప్పు.

నీ ఇంటికి దగ్గరలో నా మాట లవానే. పదకొండేళ్ళుగా అక్కడే వేస్తున్నాను. నీళ్ళు చూస్తే నిరుత్సాహం వస్తుంది, మన గోదారి వరదనీళ్ళలా ఎర్రగా మట్టిగా ఉంటాయి. కానీ తెల్ల క్రాపీకి మట్టినీళ్ళు ఇబ్బంది కాదు. నల్ల క్రాపీ తేట నీళ్ళు, నాచు ఉన్నచోట బాగుంటుంది, తెల్లది బురదనీళ్ళలో కూడా ఎదుగుతుంది. పట్టినప్పుడు ఏదో తేల్చుకోవాలంటే రంగు చూడొద్దు, గుడ్లు పెట్టే కాలంలో మగచేపలు నల్లగా మారిపోతాయి, అందరూ అక్కడే పొరపాటు పడతారు. వీపు మీద రెక్క విప్పి ముందున్న గట్టి ముళ్ళు లెక్కపెట్టు. ఐదు లేదా ఆరు ఉంటే తెల్లది, ఏడు ఎనిమిది ఉంటే నల్లది.

అసలు విషయం లేక్ పేరు కాదు, నెల. లేక్ ఏది, లేక్ ఏది అని అందరూ అడుగుతారు, నీళ్ళు ఎంత వేడెక్కాయని ఒక్కరూ అడగరు. ఏడాదిలో ఎక్కువ రోజులు పెద్ద క్రాపీ లోతు నీళ్ళలో, మునిగిన చెట్ల మధ్య ఉంటుంది, గట్టు మీద మనిషికి అందదు. నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక గుడ్లు పెట్టడానికి గట్టు దగ్గరికి వస్తుంది, రెండు అడుగుల నుంచి ఆరు అడుగుల లోతులోకి. మన వైపు అది మామూలుగా మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా. రోడ్ల పక్కన ఆకుల్లేని కొమ్మలకి గులాబీ ఊదా కలిసిన పూలు పూస్తాయి చూడు, రెడ్‌బడ్ చెట్లు, అవి పూసినప్పుడు నేను సెలవు పెట్టేస్తాను. మీ నాన్నగారు సరైన సమయానికే వస్తున్నారు. ఆ మూడు నాలుగు వారాలు బోటున్నవాడికీ లేనివాడికీ పెద్ద తేడా ఉండదు.

ఎక్కడ నిలబడాలంటే, 380 రోడ్డు లేక్ దాటే చోటా, 78 దాటే చోటా వంతెనల చుట్టూ, వాగులు వచ్చి కలిసే మూలల్లో, నీళ్ళలో పడిన చెట్టు కనిపిస్తే దాని పక్కనే. ఖాళీ గట్టు మీద అరగంట కంటే ఎక్కువ ఉండొద్దు, పడకపోతే ఇరవై అడుగులు జరుగు. క్రాపీ గుంపుగా ఉంటుంది, ఉంటే పది నిమిషాల్లో తెలుస్తుంది, లేకపోతే సాయంత్రం దాకా కూర్చున్నా రాదు.

ఫోర్క్_బోటు:

లవాన్ అన్న చెప్పిన కాలం గురించిన మాట నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ లేక్ పేరు ముఖ్యం కాదంటే నేను ఒప్పుకోను. సైజే కావాలంటే లేక్ ఫోర్క్. డాలస్ నుంచి తూర్పుకి గంటన్నర. టెక్సస్ నల్ల క్రాపీ రికార్డు అక్కడిదే, 2003లో పడింది, 3.92 పౌండ్లు, అంటే పావు తక్కువ రెండు కిలోలు. తెల్ల క్రాపీ రికార్డు ఇంకా పాతది, 1968, నవారో మిల్స్ అని కార్సికానా పక్కన చిన్న లేక్, 4.56 పౌండ్లు. యాభై ఏళ్ళు దాటినా దాన్ని ఎవరూ కొట్టలేదు. నవారో మిల్స్ గురించి మనవాళ్ళు ఎవరూ మాట్లాడరు, దగ్గర్లో పెద్ద ఊరు లేదు కాబట్టి, కానీ నేను రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ పన్నెండు అంగుళాలకి తక్కువ ఇంటికి తేలేదు.

ఫోర్క్‌లో చేప ఎందుకు పెరుగుతుందంటే చెట్లు. 1980లో ఆనకట్ట కట్టి నీళ్ళు నింపినప్పుడు అడవిని చాలావరకు నరక్కుండా వదిలేశారు. ఇరవై ఏడు వేల ఎకరాల లేక్, ఎటు చూసినా ఎండిన మాన్లు నీళ్ళలోంచి పైకి లేచి ఉంటాయి, నీటి కింద కనపడనివి ఇంకెన్నో. చేపపిల్లలకి దాక్కునే చోటు, క్రాపీకి వేటాడే చోటు. అదే బోటు వాళ్ళకి ప్రమాదం, గుర్తులు పెట్టిన దారి వదిలి స్పీడ్‌గా పోతే మోటారు పోతుంది.

ఒక రూలు మాత్రం తప్పక తెలుసుకోవాలి. టెక్సస్‌లో మామూలుగా క్రాపీ పదంగుళాలకి తక్కువ ఉంటే వదిలెయ్యాలి, రోజుకి 25 దాకా ఉంచుకోవచ్చు, నల్లవీ తెల్లవీ కలిపి. ఫోర్క్‌లోనూ, లేక్ ఓ ద పైన్స్‌లోనూ డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఇది తలకిందులు. సైజు పరిమితి ఉండదు, పడిన చేపని వదలకూడదు, చిన్నదైనా ఉంచుకోవాలి, 25 అయ్యాక ఆపెయ్యాలి. కొత్తవాళ్ళు ఇదేం రూలని అనుకుంటారు. చలికాలంలో చేప ముప్పై నలభై అడుగుల లోతులో ఉంటుంది, అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగితే లోపల గాలితిత్తి ఉబ్బిపోతుంది. కొన్నిసార్లు పొట్ట సంచి నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. వదిలితే కిందికి దిగలేక నీటి మీద పక్కకి తేలుతూ చచ్చిపోతుంది. నేను మొదటి ఏడాది వేరే లేక్‌లో అలా తేలుతున్న వాటిని చూశాను, కళ్ళు ఉబ్బి, చిన్న చిన్న చేపలు. అప్పటినుంచి లోతులో వేస్తే ఏ లేక్ అయినా సరే, వండుకోవడానికి సరిపడా పడగానే గాలం ఎత్తేస్తాను.

మార్చి ఆఖరుకి ఈ రూలు ఉండదు కాబట్టి నీకు సమస్య లేదు. బోటు లేదన్నావు కదా, గైడ్‌ని మాట్లాడుకో. కానీ డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడుగు, పెద్దాయనకి కూర్చోవడానికి వీలైన సీటు ఉందా అని. మా మామయ్యగారిని తీసుకెళ్ళినప్పుడు ఒక గైడ్ బోటులో చిన్న స్టూలు లాంటిదే ఉంది, ఆరు గంటలు ఆయన నడుం పట్టుకుని కూర్చున్నారు. చేపలు పడ్డాయి, కానీ ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వంటిల్లు_మెకిన్నీ:

అన్నయ్యలిద్దరూ లేక్‌ల గురించి చెప్పారు, పెద్దాయన మోకాళ్ళ సంగతి మర్చిపోయారు. కాకినాడ తమ్ముడూ, మీరు స్టేట్ పార్కులు చూడండి. మాకు ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కూడా మాతో వస్తారు, అందుకే మేం స్టేట్ పార్కులకే వెళ్తాం. రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కులో ఫిషింగ్ పియర్ ఉంది, చదునుగా నీళ్ళ మీదికి నడిచిపోవచ్చు, రెయిలింగ్ ఉంటుంది, కుర్చీ వేసుకోవచ్చు. తూర్పుకి వెళ్తే పర్టిస్ క్రీక్, 355 ఎకరాలే, గాలి పెద్దగా కొట్టదు, పిల్లలతో ప్రశాంతంగా ఉంటుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. టెక్సస్ స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచో పియర్ మీద నుంచో వేస్తే ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు, పార్కు ఎంట్రీ టికెట్ కొంటే చాలు. మీ నాన్నగారు విజిట్ మీద వస్తున్నారు కాబట్టి ఆయన ఇక్కడి రెసిడెంట్ కింద రారు, బయట లేక్‌లకి వెళ్ళాలంటే నాన్ రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవాలి, ఒక్క రోజుకి కూడా ఇస్తారు. పదిహేడేళ్ళు నిండని పిల్లలకి ఎక్కడైనా అక్కర్లేదు. లైసెన్స్ లేకపోయినా సైజు, లెక్క రూల్స్ మాత్రం పార్కులో కూడా ఉంటాయి. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి.

వండటం గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. దీన్ని పులుసు పెట్టొద్దు. మాంసం మెత్తగా తెల్లగా ఉంటుంది, మన బొచ్చెలా నిలబడదు, గరిటె తగిలితే విడిపోతుంది. నేను మొదటిసారి చింతపండు పులుసు పెడితే గిన్నెలో ముక్క అనేది మిగల్లేదు. పులుసుకి కాట్‌ఫిష్ వాడండి, దీన్ని వేపుడు చెయ్యండి. వెన్నుముక పక్కనుంచి కత్తి దింపి రెండు వైపులా ముళ్ళు లేకుండా తీసేసి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద రెండేసి నిమిషాలు. నీచు వాసన ఉండదు. చేప ముట్టని మా చిన్నది దీన్ని ఒట్టిగానే తినేస్తుంది.

కాకినాడ_గాలం:

ముగ్గురికీ చాలా థాంక్స్. స్టేట్ పార్కు సంగతి నాకు అస్సలు తెలియదు, అది మా నాన్నగారికి సరిగ్గా సరిపోతుంది. లవాన్ అన్నా, ఒక డౌట్. చెరువులో పెరగదన్నారు కదా, నల్ల క్రాపీ ప్రపంచ రికార్డు 2018లో టెన్నెసీలో ఒక చెరువులోనే పడిందని చదివాను, ఐదున్నర పౌండ్లకి దగ్గరగా ఉంది. మరి అదెలా?

ఇంకో విషయం. నిన్న లూయిస్‌విల్‌లో పడవలు ఆపే డాక్ ఒకదాని మీద వేశాను. పన్నెండంగుళాలు కచ్చితంగా ఉంటుంది, పైకి వచ్చింది, కళ్ళారా చూశాను. గట్టిగా ఒక్క లాగు లాగాను, చేప పోయింది, గాలానికి పెదవి తోలు చిన్న ముక్క మిగిలింది, అంతే. రాత్రంతా అదే కళ్ళ ముందు.

లవాన్_గట్టు:

నువ్వు చదివింది నిజమే. చెరువులో పెరగదని కాదు తమ్ముడూ, తినే నోళ్ళు తక్కువై తిండి ఎక్కువ ఉన్న చోట ఎక్కడైనా పెరుగుతుంది. మీ చెరువులో నోళ్ళు ఎక్కువ, తేడా అంతే. పైగా ఆ చిన్నవాటిని ఎవరూ తీయకపోతే అలాగే ఇరుక్కుని ఉండిపోతాయి.

ఇక పెదవి సంగతి. క్రాపీ నోరు చూశావా, తెరిచి వెలుతురుకి పెట్టి చూడు, పక్కల చర్మం ఉల్లిపొర లాగా ఉంటుంది, అవతలి వెలుతురు కనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు కాగితం నోటి చేప అనే అంటారు. కొర్రమీనుని లాగినట్టు లాగితే చిరిగిపోతుంది. దీన్ని లాగకూడదు, ఎత్తాలి. కర్ర కొస మెల్లగా పైకి లేపు, బరువు తెలుస్తుంది, అదే వేగంతో తీసుకురా, మధ్యలో తాడు వదులు కానివ్వొద్దు. డాక్ మీద ఉంటే పొడుగు కర్ర ఉన్న వల దగ్గర పెట్టుకో, నీళ్ళలోంచి చేపని తాడుతో గాల్లోకి ఎత్తొద్దు. రీలు బిగుతు కూడా తగ్గించు, నాలుగు నుంచి ఆరు పౌండ్ల తాడు చాలు.

గాలం సన్నటి తీగతో చేసింది తీసుకో, నాలుగో నంబరు. కొమ్మల్లో చిక్కుకుంటే మెల్లగా బిగించి లాగితే తీగ నిటారుగా సాగి బయటికి వచ్చేస్తుంది, వేళ్ళతో మళ్ళీ వంచి వాడుకోవచ్చు. మందపు గాలం వేస్తే చెట్ల మధ్య పూటకి పది పోతాయి. ఎరకి బతికున్న మిన్నో అనే చిన్న చేప, షాపులో దొరుకుతాయి, రెండు పెదవుల్లోంచి గుచ్చితే చాలాసేపు కదులుతూ ఉంటుంది. బెండు చిన్నది, సన్నగా పొడుగ్గా ఉండేది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది చెప్తాను, మీ నాన్నగారికి కూడా చెప్పు. మన కాలువల్లో చేప ఎర తింటే బెండు కిందికి మునుగుతుంది, మన కళ్ళు దానికే అలవాటు పడ్డాయి. క్రాపీ కళ్ళు పైకి చూస్తుంటాయి, తనకంటే పైన ఉన్న ఎరని కింద నుంచి వచ్చి అందుకుని ఇంకా పైకి పోతుంది. అప్పుడు బెండు మునగదు, తాడు బరువు తగ్గి బెండు పైకి లేస్తుంది, లేదా పక్కకి ఒరిగి నీటి మీద పడుకుంటుంది. గాలి అనుకుని వదిలేస్తారు. అది చేప. బెండు పడుకోగానే ఎత్తాలి. ఇందుకే ఎర ఎప్పుడూ చేప ఉన్న లోతు కంటే అడుగు పైన ఉండాలి, కిందికి పోతే చూడదు.

ఫోర్క్_బోటు:

రెండు చిన్న మాటలు కలుపుతాను. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ వాళ్ళు చాలా లేక్‌లలో కొమ్మల కట్టలూ ప్లాస్టిక్ చెట్లూ ముంచి, అవి ఎక్కడున్నాయో జీపీఎస్ అంకెలతో సహా తమ సైట్‌లో పెట్టారు. వారం వారం ఏ లేక్‌లో నీళ్ళు ఎంత వేడి, ఏ చేప ఎంత లోతులో పడుతోందో రిపోర్టు కూడా ఇస్తారు. ఎక్కడ పడుతోందో ఎవరూ చెప్పరన్నావు కదా, వాళ్ళు చెప్తారు. పియర్‌ల దగ్గర ముంచినవి కూడా ఉంటాయి, వెళ్ళే ముందు చూసుకో.

రెండోది, ఒక లేక్ నీళ్ళు బకెట్‌లో ఇంకో లేక్‌కి మొయ్యొద్దు. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప 2009లో టెక్సోమా లేక్‌లో మొదట కనపడింది, తర్వాత రే రాబర్ట్స్, లూయిస్‌విల్ అన్నిటికీ పాకింది, దాని పిల్లలు కంటికి కనపడవు, చెంచాడు నీళ్ళలో కూడా ఉంటాయి. బోటు, బకెట్ ఖాళీ చెయ్యడం చట్టం కూడా.

కాకినాడ_గాలం (ఏప్రిల్ రెండో వారం):

ఎలా అయిందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను. మూడుసార్లు వెళ్ళాం. మొదటి శనివారం రే రాబర్ట్స్ పియర్, ముందు రోజు చలిగాలి వచ్చింది, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రెండే పడ్డాయి, రెండూ తొమ్మిది, వదిలేశాం. నాన్నగారు ఏమీ అనలేదు కానీ నాకే మనసు చివుక్కుమంది. తర్వాత నాలుగు రోజులు ఎండ కాసింది, మళ్ళీ అదే పియర్‌కి వెళ్ళాం. ఏడు పడ్డాయి, మూడు పదకొండు దాటాయి.

మూడోసారి ఒక రోజు లైసెన్స్ తీసుకుని లవాన్, అన్న చెప్పినట్టు వాగు కలిసే మూల, కారు దగ్గరగా ఆపుకునే చోటు చూసి కుర్చీ వేశాను. నీళ్ళలో పడిన ఒక చెట్టు, దాని కొమ్మకి రెండడుగుల దూరంలో మూడడుగుల లోతు పెట్టి నాన్నగారు వేశారు. నేను ఇచ్చిన రాడ్ పక్కన పెట్టేశారు, పన్నెండు అడుగుల పొడుగు కర్ర, రీలు లేనిది కొన్నాం, అదే కావాలన్నారు. తాడు ఎడమచేతి చూపుడువేలికి ఆనించి పట్టుకున్నారు. బెండు పడుకోవడం నేను చూడనే లేదు, నా కళ్ళు ఫోన్ మీద ఉన్నాయి. "ఒరేయ్, పడుకుంది" అన్నారు అంతే, కర్ర లేచింది, లాగలేదు, నీళ్ళలోంచి బిందె ఎత్తినట్టు ఎత్తారు. నేను వల పెట్టాను. మగ చేప, ఒళ్ళంతా నల్లగా ఉంది, వీపు ముళ్ళు నేనే లెక్కపెట్టాను, ఆరు. నోరు మూసి తోక నొక్కి కొలిస్తే పద్నాలుగుంపావు.

ఆ చేపని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు. పొలుసు మీద వేలు రాసి, ఇది మన చేదుపరిగె లాగా మెరుస్తోందిరా అన్నారు. ఆ రోజు మొత్తం పద్నాలుగు ఉంచుకున్నాం. మెకిన్నీ అక్క చెప్పినట్టే బియ్యప్పిండి వేసి వేపాం.

మే మొదటి వారం దాకా ఉంటారు. అప్పటికి గట్టు దగ్గర ఇంకా దొరుకుతాయా లవాన్ అన్నా, లేక లోతుకి పోతాయా?

లవాన్_గట్టు:

గట్టు వదిలి వెళ్తాయి, కానీ దూరం పోవు. వంతెన స్తంభాల నీడలోకి, పది పదిహేను అడుగుల లోతుకి చేరతాయి, పొద్దు పొడవక ముందూ పొద్దు కుంకాకా తింటాయి. జారే బెండు వేసుకుని లోతు పెంచుతూ పో. వచ్చే శనివారం పొద్దున్నే ఐదున్నరకి నేను 78 వంతెన దగ్గర ఉంటాను, నాన్నగారిని తీసుకురా. ఆయన తాడు వేలికి ఎలా ఆనిస్తారో నాకు చూడాలని ఉంది.